పాడేరు కొండల్లో ఇంటింటి లెక్క రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పాడేరు డివిజన్‌లో ఊళ్ల సర్వేకి నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. మనుషులు, ఇళ్లు, బతుకుతెరువు మూడూ ఒకే ఫారంలో రాయాలట. ఇలాంటి ఫారాలు పల్లపు ఊరిని మనసులో పెట్టుకుని గీస్తారమ్మా. ఒక ఇల్లంటే ఒక కుటుంబం, ఒక సర్వే నంబరంటే ఒక పంట అన్నట్టు గడులు ఉంటాయి. కొండమీద ఆ లెక్క కుదరదు. గడికి సరిపోవాలని మనిషిని సర్దేశావంటే కాగితం నిండుతుంది గానీ, ఆ కుటుంబానికి రావలసిన ఇల్లో పట్టానో పోతుంది. గడిలో పట్టనిది పక్కన ఖాళీలో రాయి. వదిలేయడం మాత్రం వద్దు.

ముందు ఊళ్ల జాబితా సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత విశాఖ ఏజెన్సీ అంతా, అంటే అనంతగిరి నుంచి కొయ్యూరు దాకా 11 మండలాలు, నువ్వు తిరిగే పాడేరు డివిజన్. నీ చేతికిచ్చే జాబితాలో పంచాయతీ పేరు, రెవెన్యూ గ్రామం పేరు ఉంటాయి. జనం ఉండేది మాత్రం శివారు గూడేల్లో. కొండ అవతల పది పన్నెండు గడపల ఊరుంటే అది చాలాసార్లు జాబితాలోనే ఉండదు. అందుకని పంచాయతీ కేంద్రానికి వెళ్లగానే ఆశా కార్యకర్తనీ, అంగన్‌వాడీ టీచర్నీ, రేషన్ ఇచ్చేవాళ్లనీ విడివిడిగా అడిగి, ఎవరెవరు ఏ గూడేలకు వెళ్తారో పేర్లు రాసుకో. మూడు జాబితాలూ కలిపితే గానీ ఊళ్లన్నీ తేలవు. పుట్టు, గుడ, వలస అని ముగిసే పేర్లు ఒకేలా వినిపిస్తాయి. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉండడమూ మామూలే. అలాంటిచోట పక్కనున్న గెడ్డ (వాగు) పేరో కొండ పేరో చేర్చి రాసుకో.

ఊళ్లోకి నేరుగా వెళ్లి తలుపు తట్టకు. ముందురోజు సాయంత్రమే ఊరి పెద్దని కలువు. చాలా ఊళ్లలో ఆయన్ని నాయుడు అంటారు. అది అక్కడ పదవి పేరు, కులం పేరనుకోకు. ఊళ్లో కబురు వేసేవాడు బారికి. మర్నాడు లెక్క రాస్తారని అతని చేత చెప్పించు. దేనికి రాస్తున్నారు, ఏం ఇస్తారు, ఏం ఇవ్వరు అన్నది నువ్వే నోరారా చెప్పు. ఇల్లు మంజూరవుతుందని ఆశ పెట్టావంటే కుటుంబాలు కాగితం మీద చీలిపోతాయి, ఆశ పెట్టకపోతే ఉన్నది ఉన్నట్టు చెబుతారు. అటవీ శాఖ వాళ్లతోగాని, సంతలో సరుకు కొనే షావుకారితోగాని కలిసి ఊళ్లోకి వెళ్లకు. వాళ్ల ఎదుట భూమి మాటా, అప్పు మాటా బయటికి రావు.

భాష విషయం తేలిగ్గా తీసుకోకు. మగవాళ్లకు తెలుగు వస్తుంది కదా అని వాళ్లతోనే మాట్లాడి వచ్చేస్తే సగం లెక్కే వస్తుంది. ముంచంగిపుట్టు, పెదబయలు, డుంబ్రిగూడ వైపు లోపలి ఊళ్లలో ఇళ్లల్లో ఆదివాసీ ఒడియా, కువి లాంటివి మాట్లాడతారు. ఇంటర్ దాకా చదివిన ఆ ఊరి ఆడపిల్లనే వెంట పెట్టుకో. తిండిగింజలు ఎన్నాళ్లు వస్తాయి, నీళ్లు ఎక్కడినుంచి మోస్తారు, ఎవరింట్లో ఎవరు తింటారు అన్నవి ఆడవాళ్లకే ఖచ్చితంగా తెలుసు.

ఇంటిపేరు చూసి తెగ రాసేయకు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కొర్రా, కిల్లో, పాంగి, గొల్లోరి, వంతల ఇవన్నీ వంశాల పేర్లు. కిల్లో వాళ్లకు పులి, కొర్రా వాళ్లకు సూర్యుడు గుర్తు. ఒకే వంశం పేరు కొండదొరల్లోనూ ఉంటుంది, పోర్జాల్లోనూ ఉంటుంది, గదబల్లోనూ ఉంటుంది. తెగ పేరు వాళ్ల నోటితో చెప్పించుకుని, కుల ధ్రువీకరణ పత్రం ఉంటే దానితో సరిచూడు. రెండూ కలవకపోతే రెండూ రాయి. ఇది చిన్న విషయం కాదు. ఖోండ్, పోర్జా, గదబలలో కొన్ని శాఖలు ప్రత్యేకంగా బలహీనమైన తెగల జాబితాలో ఉన్నాయి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద ఇంటికి 2 లక్షలు వచ్చేది ఆ జాబితాలోని వాళ్లకే. ఉత్త 'పోర్జా' అని ఊరుకోకుండా పరెంగి పోర్జానా, బొండో పోర్జానా, ఖోండ్ పోర్జానా అని అడుగు. గదబలైతే బోడో గదబా, గుతోబ్ గదబా అని విడదీసి రాయి.

వయసు దగ్గర ఆధార్‌ని నమ్మి ఊరుకోకు. పుట్టిన తేదీ జనవరి 1 అని కనిపిస్తే అది ఎవరో వేసిన అంచనా అనుకోవచ్చు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న కొట్టింది, కొండల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిన సంగతి అందరికీ గుర్తే. అప్పటికి బిడ్డ నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా, కడుపులో ఉన్నాడా అని అడిగితే ఏడాది అటూ ఇటూగా వయసు తేలుతుంది. ఇంకా చిన్నపిల్లలకు 2020 లాక్‌డౌన్ గుర్తు పెట్టుకో. పెద్దవాళ్లకు పెద్దబిడ్డ వయసు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

ఇక ఇల్లు. ఇక్కడ కాసేపు నిలబడు.

అరకు, డుంబ్రిగూడ వైపు పాత ఊళ్లలో ఇళ్లు వరసగా ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు ఎర్రమట్టి, తెల్లమట్టి పూసిన పొడుగాటి అరుగు, వీధికి అటు ఒక వరస, ఇటు ఒక వరస. దూరం నుంచి చూసి ఒక ఇల్లని రాయకు. కట్టడం ఒకటి, అందులో విడి గుమ్మం ఉన్న ప్రతిదీ ఒక ఇల్లు, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. ఈ మూడు అంకెలూ వేరు వేరు. ఒక కప్పు కింద ఆరు గుమ్మాలు ఉండి, ఒక గుమ్మంలో పెళ్లయిన కొడుకు వేరు పొయ్యి పెట్టుకుంటే కట్టడం 1, ఇళ్లు 6, కుటుంబాలు 7. 'మీరు ఎన్ని కుటుంబాలు' అని అడగవద్దు. 'పొయ్యిలు ఎన్ని, ఏ పొయ్యి దగ్గర ఎవరు తింటారు' అని అడుగు. రేషన్ కార్డు ఒకటే ఉన్నా పొయ్యి వేరైతే కుటుంబం వేరే. కార్డు సంగతి పక్కన రాయి.

నంబర్లు వేసేముందు ఊరంతా ఒకసారి నడిచి, గెడ్డ, రచ్చబండ, బడి, బోరు గుర్తులతో పటం గీసుకో. వాయవ్య మూల మొదలుపెట్టి ఒక వరస వెళ్లి రెండో వరస వెనక్కి రా. నంబరు గుమ్మం పైన దూలం మీద రాయి. పండగకు గోడలు అలికినప్పుడు కింద రాసింది మాయమైపోతుంది. చేల దగ్గర వేసుకునే కాపలా పాకలకు నంబరు వద్దు. కానీ కొత్త జంటలు కొన్ని చేను దగ్గరే స్థిరంగా ఉండిపోతాయి, కాబట్టి ఆ పాకలోనూ పొయ్యి ఉందో లేదో చూసి తీరాలి.

కప్పు, గోడ, నేల మూడూ లోపలికి వెళ్లి చూసి రాయాలి. బయట సిమెంటు పూత ఉన్న గోడ లోపల మట్టే కావచ్చు. ముందు వసారాకు రేకులు వేసి, వెనక పెంకో గడ్డో ఉంటే ఎక్కువ భాగం ఏదో అదే కప్పు. రేకు సిమెంటుదా ఇనపదా అన్నది వేరుగా రాయి. గడ్డి కప్పుని వెంటనే 'శిథిలం' అనకు. పొయ్యి పొగ తగిలే గడ్డి కప్పుకి పురుగు అంతగా పట్టదు, అటక మీద మొక్కజొన్న పొత్తులూ విత్తనాలూ పాడవకుండా ఉంటాయి. ఇల్లు పాతబడిందని చెప్పేవి వేరే ఉన్నాయి. గుంజ మొదలు నేలకి తాకేచోట చేత్తో నొక్కితే మెత్తగా ఉందా, గోడ అడుగున తేమ ఎంత ఎత్తుకి పాకింది, దూలం వంగిందా, ఇవి చూడు. గదుల లెక్కలో వంటగది, ధాన్యం కొట్టు, వసారా కలపవద్దు. మనిషి కాళ్లు చాపి పడుకోవడానికీ, తల వంచకుండా నిలబడడానికీ చోటున్నదే గది.

సగం కట్టి ఆగిన ఇళ్లు ఎదురవుతాయి. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో కొండ ప్రాంతాలకు ఇంటికి 1.30 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. అంటే సుమారు 269 చదరపు అడుగులు. రోడ్డు లేని ఊరికి సిమెంటూ ఇసకా తలమీద మోయించే కూలికే ఆ డబ్బులో పెద్ద వంతు పోతుంది, అక్కడే పునాది దగ్గర పని ఆగుతుంది. అందుకే 'అసంపూర్తి' అని ఒక్క మాట రాసి ఊరుకోకు. పునాదా, లింటెలా, కప్పా, ఎక్కడ ఆగింది, లారీ దిగే చోటు నుంచి ఇంటికి ఎంతసేపు నడక, బస్తా మోతకి ఎంత ఇచ్చారు, ఈ మూడూ రాశావంటే రేపు ఆ కాగితం పట్టుకుని ఎవరైనా మాట్లాడగలుగుతారు.

మరుగుదొడ్డి తలుపు తీసి చూడు, లోపల కట్టెలు పేర్చి ఉంటే అదే రాయి. నీళ్లకి దూరం మీటర్లలో కాకుండా దిగడానికి ఎంతసేపు, బిందెతో ఎక్కడానికి ఎంతసేపు అని రాయి. అదీ ఏప్రిల్ నెల సంగతి అడుగు, వానాకాలం ఏ ఊటైనా పారుతుంది.

భూమి దగ్గర మూడు రకాలు విడదీయాలి. పట్టా పల్లం, మెట్ట, అడవి హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా. ఆ చట్టం 2006లోది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నదానికే వర్తిస్తుంది, గరిష్ఠం 4 హెక్టార్లు, పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. పత్రం చేతిలోకి తీసుకుని ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో చూడు. సాగు చేస్తున్నది మూడెకరాలు, పత్రంలో ఉన్నది ఎకరం పావు అన్నట్టుగా తేడా కనిపించవచ్చు. రెండు అంకెలూ రాయి. కొందరు ఎకరాల్లో కాకుండా ఇన్ని కుంచాల (గింజలు కొలిచే పాత్ర) గింజ పట్టే చేను అంటారు. ఆ మాటే రాసి, పొలం గట్టు వెంట జీపీఎస్‌తో నడిచి కొలువు. 1970 నాటి ఒకటో నిబంధన (జనం 1/70 చట్టం అనేది) వల్ల ఇక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు, అందుకే కౌలు, తాకట్టు సంగతి సూటిగా అడిగితే ఎవరూ చెప్పరు. 'ఈ చేను ఈ ఏడు ఎవరు దున్నారు' అని అడిగి ఊరుకో.

ఆదాయం గడి దగ్గరే ఎక్కువ పొరపాట్లు. కాఫీ తోట ఉన్న ఇంట్లో 'ఎన్ని కిలోలు అమ్మారు' అని ఒక్క ప్రశ్నతో ఆపితే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. పళ్లుగా అమ్మారా, తొక్క తీసి కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంటుగానా, పండుని అలాగే ఎండబెట్టిన చెర్రీగానా? సుమారు 5 కిలోల పళ్లకు కిలో పార్చ్‌మెంటు వస్తుంది, 6 కిలోలకు గాని కిలో పప్పు (పార్చ్‌మెంటు పొట్టు కూడా తీసేసిన గింజ) రాదు. ఒకరి వెయ్యి కిలోల పళ్లూ ఇంకొకరి రెండొందల కిలోల పార్చ్‌మెంటూ ఒకటే పంట. గిరిజన సహకార సంస్థకిచ్చారా, ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) ఇచ్చారా, షావుకారికా అన్నదీ రాయి. అరబికా చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు తగ్గుతుంది, అందుకని రెండేళ్లది అడుగు. ఎకరాలు చెప్పలేకపోతే మొక్కలు అడుగు. ఆరడుగుల ఎడంతో పెడితే ఎకరానికి 1,210 పడతాయి, చచ్చినవి తీసేసి లెక్కకట్టు. నాలుగో ఏటికి గాని కాపు రాదు కాబట్టి లేత తోటని ఆదాయం కింద వేయకు. సిల్వర్ ఓక్ మీద పాకే మిరియాన్ని చాలామంది తోటలో కలిపేసి చెబుతారు, దాన్ని విడిగా అడుగు. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు బయటపడింది, కాయలు కోసి నాశనం చేయించిన తోటలుంటే ఆ ఏడు దిగుబడి పక్కన కారణం రాయి.

పసుపుదీ ఇదే చిక్కు. పచ్చిది 5 కిలోలు ఉడికించి ఎండబెడితే కిలో అవుతుంది. కొందరు దుంపని రెండేళ్లు భూమిలోనే ఉంచుతారు, ఆ డబ్బుని ఒక ఏడాదిది అనుకోకు. పోడులో సామలు, రాగులు, కందులు, వలిసెలు కలిపి చల్లి ఒకదాని తర్వాత ఒకటి కోస్తారు. పంటకొక ఎకరం చొప్పున రాస్తే ఒక ఎకరం నాలుగెకరాలైపోతుంది. తిండిగింజలకు డబ్బు లెక్క అడగవద్దు, ఇంట్లో ఎన్ని నెలలకు సరిపోయాయి అని అడుగు. కుంచాల్లో చెబితే ఆ ఇంటి కుంచంతోనే గింజలు పోయించి నీ కాటాలో తూచు. సంత కుంచం, ఇంటి కుంచం ఒకటి కావు. సామల కుంచం బరువు వేరు, వలిసెల కుంచం బరువు వేరు.

అడవి సరుకు ఆదాయం ఎవరూ తమంతట తాము చెప్పరు, అది ఆదాయమని వాళ్లు అనుకోరు. నెలల వారీగా అడిగితే గుర్తొస్తుంది. చింతపండు, శీకాయ, అడ్డాకులు, తేనె, కొండచీపుర్లు, ఏ నెలలో ఎన్నిసార్లు సంతకి మోశారు, ఒక్కో మోపుకి ఎంత వచ్చింది అని అడుగు. అప్పు గురించి చివర్లో అడుగు. షావుకారి ముందే డబ్బిచ్చి పంటమీద తీసుకుంటే వడ్డీ ఎక్కడా కనిపించదు, తక్కువ ధరలో దాగి ఉంటుంది. ఆ వారం సంత ధర, వీళ్లకి కట్టిన ధర పక్కపక్కన రాస్తే అది బయటపడుతుంది. మేకలు, ఆవులు వాళ్లవేనా, పాలుకి, అంటే వాటా మీద, ఇంకొకరివి మేపుతున్నవా అన్నదీ అడగాలి.

సంతరోజు, ఇటుకల పండగ రోజులు, మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర రోజులు వదిలెయ్. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ కోతకి తెల్లారేసరికే వెళ్లిపోతారు, కాబట్టి సాయంత్రం ఐదు తర్వాతే వెళ్లు. పల్లపు జిల్లాలకు కూలికి పోయినవాళ్లని, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న పిల్లల్ని ఇంటి లెక్కలో కలపకుండా విడి వరసలో పేర్లతో రాయి. ఎప్పుడు పోయారు, ఎప్పుడు వస్తారు అన్నది కూడా ఉండాలి. రోజుకి 12 ఇళ్లకి మించి రాయకు. పదమూడో ఇంటి దగ్గర నువ్వే జవాబులు ఊహించడం మొదలుపెడతావు.

30 మీటర్ల టేపు, 50 కిలోల వేలాడే కాటా, పెన్సిళ్లు (మంచుకి సిరా పాకుతుంది), ప్లాస్టిక్ కవర్లు, సిగ్నల్ లేనిచోట పనిచేసేలా ముందే దించుకున్న ఫారం, ఇవి సంచిలో ఉండాలి. రాసింది ఆ ఇంటివాళ్లకి చదివి వినిపించాకే లేవాలి. ఊరి పటం, కుటుంబాల పట్టిక ఒక నకలు నాయుడు దగ్గర పెట్టి, గ్రామసభలో పైకి చదివించు. తప్పిపోయిన పొయ్యి ఎవరిదో అక్కడ తప్పకుండా బయటికొస్తుంది. అందుకని ఊరికి ఒక పూట ముందే విడిచిపెట్టుకుని కార్యక్రమం వేసుకో.

ఇట్లు,
మావయ్య