మీ కేసంతా ఆ మీటరులోనే ఉంది

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 2024 ఆగస్టు 16న, వరలక్ష్మీ వ్రతం రోజు, ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలరు దగ్గర 2013 మోడల్ పెట్రోల్ కారు 2,85,000 రూపాయలకు కొన్నాను. నా భార్య గాజులు కుదువపెట్టి మరీ కొన్నాం. వారం తిరక్కుండానే ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసింది. తర్వాత కూలెంట్ కారడం, పవర్ విండో ఆగిపోవడం, క్లచ్ బిగుసుకుపోవడం. నాన్నను కాణిపాకం తీసుకెళ్తుంటే ముళబాగిలు దగ్గర బండి వేడెక్కి ఆగింది. ‘పళ్ళు చూడకుండా ఎద్దును కొన్నావు కదరా’ అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. రిపేర్లకు 46,000 అయింది. ‘చిన్న చిన్నవి సార్, చేయించి ఇస్తా’ అంటూ డీలరు ఇన్నాళ్ళూ తిప్పాడు. ఈ సంక్రాంతి తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్లో తెలిసినాయన పాత రికార్డు చూపిస్తే, 2021 నవంబరులోనే 1,18,460 కి.మీ. అని ఉంది. నేను కొన్నప్పుడు మీటరులో 72 వేల చిల్లరే. ఆర్సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది. ఆయన సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు నా దగ్గరున్నాయి. వాటితోనే ఇంకెవరికైనా అమ్మేసి వదిలించుకోమని బావమరిది అంటున్నాడు. డీలరు నుంచి మొత్తం డబ్బు, మానసిక వేదనకు 5 లక్షలు రాబట్టగలనా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు ఏసీ, కూలెంట్, కిటికీ అద్దాల గురించి. మీటరు సంగతి చివరి పేజీలో, అదీ రెండు వాక్యాల్లో. నిజానికి మీకు కేసంటూ ఉంటే అది ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

ముందు మిగతావి పక్కన పెట్టేద్దాం. పదకొండేళ్ళ బండికి క్లచ్ ప్లేటు అరగడం, హోస్ పైపు చీలడం, కిటికీ మోటారు చచ్చిపోవడం వింత కాదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 16 ప్రకారం, వ్యాపారి దగ్గర కొన్న సరుకు కొనదగ్గ నాణ్యతతో ఉండాలన్న షరతు దానంతటదే ఉంటుంది. కానీ కొనేవాడు సరుకును పరీక్షించి తీసుకుంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకు ఆ షరతు వర్తించదు. మీరు టెస్ట్ డ్రైవ్ చేశారు. ఎప్పుడు? ‘ట్రాఫిక్ ఉండదని డీలరు పొద్దున ఆరున్నరకు రమ్మన్నాడు’ అని మీరే రాశారు. బెంగళూరు పొద్దుటి చలిలో ఏసీ వేసి చూడాలని ఎవరికి తోస్తుంది? అతనికి మాత్రం తెలిసే ఉంటుంది. అయినా ‘చూసే తీసుకున్నారు కదా’ అని అతని వకీలు అంటే మీ దగ్గర గట్టి జవాబు లేదు.

పైగా ఆ 46,000కు మీరు పంపిన లెక్క ఒక పచారీ కొట్టు బిల్లు వెనక మెకానిక్ పెన్సిల్‌తో గీసిన నాలుగు అంకెలు. గ్యారేజీ పేరు లేదు, తేదీ లేదు, ఏ పార్టు మార్చాడో లేదు. విప్పిన పాత కంప్రెసర్ ఏమైందంటే గుజిరీకి వెళ్ళిపోయింది. లక్షల బండి కొని, రెండు వందల జీఎస్టీ మిగులుతుందని కచ్చా బిల్లు తీసుకునే వాళ్ళను రోజూ చూస్తుంటాను. కోర్టుకు వచ్చాక వాళ్ళకు మిగిలేది ఆ రెండు వందలే. రిపేర్ల ఖర్చును ఫిర్యాదులో అడగండి, తప్పులేదు. వస్తుందని మాత్రం లెక్కవేసుకోవద్దు.

ఇక మీటరు. దీన్ని మీ నాన్నగారు మీకంటే ముందే పట్టుకున్నారు. సంతలో ఎద్దు వయసు పళ్ళలో తెలుస్తుంది. ఆ పళ్ళను అరగదీసి ముసలి ఎద్దును కోడెగా అమ్మే బేరగాళ్ళు వెనకటికీ ఉన్నారు. ఇక్కడ జరిగిందీ అదే. 1,18,460 తిరిగిన బండి మూడేళ్ళ తర్వాత 72 వేలు చూపిస్తుంటే అది అరుగుదల కాదు, ఎవరో చేత్తో చేసిన పని. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 దీన్ని మోసం అంటుంది. మీరు సంతకం పెట్టిన డెలివరీ నోట్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ తీసుకున్నారన్న వాక్యం ఉంది. తెలిసి అబద్ధం చెప్పి అమ్మినవాణ్ణి ఆ వాక్యం కాపాడదు.

అయితే మోసం అనిపించుకోవాలంటే, రీడింగు తప్పని అతనికి తెలుసని మీరు చూపించాలి. ‘నాకేం తెలుసు, ఓనరు ఇచ్చినట్టే ఇచ్చాను’ అని అతను తప్పుకుంటే, మోసం కాస్తా ‘తెలియక చెప్పిన తప్పుడు మాట’ అవుతుంది. అప్పుడు సెక్షన్ 19లోని మినహాయింపు మీకు అడ్డం పడుతుంది: మామూలు జాగ్రత్త తీసుకుంటే నిజం తెలిసేదే కదా, సర్వీస్ రికార్డు కొనకముందే ఎందుకు చూడలేదు, అంటారు. కాబట్టి మీ కేసు మూడు అంకెల మీద నడుస్తుంది. 2021లో ఎంత, మీకు ఇచ్చిన రోజు ఎంత, మధ్యలో పాత ఓనరు డీలరుకు అప్పగించిన రోజు ఎంత.

మీకు ఇచ్చిన రోజు అంకె డెలివరీ నోట్‌లో ఉండాలి. ‘కి.మీ. రీడింగు’ అన్న గడి ఖాళీగా ఉంది, కింద మీ సంతకం ఉంది. చదువుకున్నవారు, ఖాళీ గడి కింద సంతకం ఎలా పెట్టారండీ? డీలరు వాట్సాప్‌లో ‘72 వేలే, జెన్యూన్’ అని పెట్టాడన్నారు. ఆ మెసేజ్ తొంభై రోజులకు మాయమయ్యే సెట్టింగులో పోయింది.

అదృష్టం కొద్దీ, నా మనసు కరగాలని మీరు జతచేసిన ఐదు ఫోటోల్లో ఒకటి పనికొచ్చింది. బానెట్ మీద పసుపు, కుంకుమ, టైరు కింద నిమ్మకాయలు ఉన్నవి కావు. మీ ఆవిడ ముందు సీట్లో కూర్చుని, స్టీరింగుకు పూలదండ వేస్తున్న మిమ్మల్ని తీసిన ఫోటో. దండ పక్కనుంచి డాష్‌బోర్డు వెలుగుతూ కనిపిస్తోంది. పెద్దది చేసి చూశాను: 72,341. మీ కేసులో మొదటి సాక్ష్యం అదే.

ఆ ఫోటో తీసిన ఫోన్ అమ్మకండి, మార్చకండి, రీసెట్ చేయకండి. నాకు వాట్సాప్‌లో వచ్చింది కుదించిన కాపీ. తేదీ, సమయం ఉండే అసలు ఫైలు ఆ ఫోన్లోనే ఉంటుంది. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చింది ఇదే. ఒక భాగం ఫోన్ ఎవరిదో వాళ్ళు, అంటే మీ ఆవిడ, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యాల నిబంధనలు అంత బిగువుగా ఉండవు నిజమే, అయినా దాన్ని నమ్ముకుని సర్టిఫికెట్ మానేయకండి.

2021 అంకె విషయానికొస్తే, మీ దగ్గరున్నది కంప్యూటర్ తెరకు తీసిన సెల్‌ఫోన్ ఫోటో. అది చూపించినాయన రేపు ‘నేను చూపించలేదు’ అంటే అంతే. సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా రాసి, సీలు వేసిన ప్రింటవుట్ అడగండి. ఇవ్వకపోతే ఆ రికార్డు తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు, సమన్లు పంపే అధికారం దానికుంది. కొన్ని కార్లలో మీటరుతో పాటు బండిలోని ఇతర కంప్యూటర్ యూనిట్లలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి. కాబట్టి నిపుణుడు చూసేదాకా మెకానిక్‌ను మీటరు మీద చెయ్యి వేయనివ్వకండి.

మూడో అంకె పాత ఓనరు దగ్గర ఉంది. ఆయన మైసూరులో ఉంటారని, ‘వీళ్ళంతా కలిసే చేశారు’ అని మీరు కోపంగా రాశారు. ఆయనే చేశారనడానికి మీ దగ్గర ఏ ఆధారమూ లేదు. డీలరుకు బండి అప్పగించినప్పుడు ఆయన తీసుకున్న రసీదులో రీడింగు ఉంటే, అది లక్ష పైన ఉంటే, ‘నాకేం తెలుసు’ అనే దారి డీలరుకు మూసుకుపోతుంది. ఆయనకు కూడా మీతో పని ఉంది: ఆర్సీ ఆయన పేరు మీద ఉన్నంతకాలం మీ చలాన్లు ఆయనకే వెళ్తాయి. మీరు ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసులో ఓనరుగా ఆయనే నిలబడాలి. రికార్డులో ఎవరి పేరుంటే వారే ఓనరని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది.

ఇక్కడే మీ బావమరిది సలహాకు వస్తాను. ఓనరు పేరు మార్పిడికి వాడే ఖాళీ ఫారం 29, 30తో ఇంకొకరికి అమ్మడం. వద్దు. గట్టిగానే చెబుతున్నాను, వద్దు. 1,18,460 అని తెలిశాక, మీటరులో ఇప్పుడున్న 90 వేలు చూపించి అమ్మితే, ఈ డీలరు మీకు చేసిందే మీరు మూడోవాడికి చేసినట్టు. అతను తెలియదని అనగలడు. మీరు అది కూడా అనలేరు, ఎందుకంటే తెలుసని నాకు రాతలో ఇచ్చారు. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం. పైగా బండి పోతే పరీక్షించడానికి వస్తువే ఉండదు, మీ కేసూ దాంతోనే పోతుంది.

ఆర్సీ గురించి ఇంకొక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. మీరు ఇరవై నెలలు కూర్చున్నారు. ఇన్సూరెన్సు కూడా పాత ఓనరు పేరుతోనే ఆన్‌లైన్లో రెన్యూ చేశారట. రేపు బండికి దెబ్బ తగిలితే సొంత డ్యామేజీ క్లెయిమ్ మీకు రావడం కష్టం. కేసు నడుస్తోందని ట్రాన్స్‌ఫర్ ఆపనక్కర్లేదు. అపరాధ రుసుము కట్టి పేరు మార్పించుకోండి, పాలసీ కూడా మార్పించండి. పేరు మారితే ‘నువ్వు ఓనరువే కావు’ అన్న వాదనకూ చోటుండదు.

గడువు దగ్గరికి వద్దాం, నాకు అసలు కంగారు దీని గురించే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ళు. మోసం జనవరిలో తెలిసింది కాబట్టి అప్పటినుంచి లెక్క అని వాదించవచ్చు, నేనూ వాదిస్తాను. దాన్ని నమ్ముకుని ఆగను. కొన్న రోజు నుంచే లెక్కేయండి: 2026 ఆగస్టు 16. అది ఆదివారం, ముందురోజు పంద్రాగస్టు. అంటే ఆగస్టు 14 శుక్రవారమే ఆఖరు అనుకోండి. ‘వరలక్ష్మీ వ్రతానికి రెండేళ్ళు నిండుతాయి’ అని రాశారు మీరు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చి పండగలు వెనక్కి జరిగాయి, వ్రతం నాటికి ఆ తేదీ దాటిపోతుంది. చట్టం పంచాంగం చూడదు.

ఇన్నాళ్ళూ డీలరు ఫోన్లో ‘చేయిస్తా, చేయిస్తా’ అన్నందుకు గడువు ఒక్క రోజు కూడా పెరగలేదు. నోటీసు పంపినా పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, సరైన కారణం చూపిస్తేనే. ‘అతన్ని నమ్మాను’ అన్నది అంత బలమైన కారణం కాదు. సివిల్ దావాకు మూడేళ్ళు ఉన్నాయి కానీ కోర్టు ఫీజు, కాలం రెండూ ఎక్కువ. దాన్ని ఆఖరి దారిగానే ఉంచుకోండి.

ఈ నెలలోనే స్పీడ్ పోస్టులో డీలరుకు నోటీసు పంపండి, 15 రోజులు ఇవ్వండి. ‘నేను బ్రోకర్నే, అమ్మింది ఓనరు’ అని జవాబు రావచ్చు. మీ 50,000 యూపీఐ, 2,00,000 బ్యాంకు ట్రాన్స్‌ఫర్ డీలరు సంస్థ ఖాతాకే వెళ్ళాయి, డెలివరీ నోట్ అతని లెటర్‌హెడ్ మీద ఉంది. అవి చాలు. నగదుగా ఇచ్చిన 35,000కు రసీదు లేదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. పాత వాహనాల డీలర్లు ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అది ఇతనికి ఉందో లేదో కనుక్కోండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపేస్తారు, తిరుగుడులో నెల పోతుంది. ఆ మూడో అంకె చేతికొస్తే అప్పుడు ఆలోచిద్దాం.

ఫిర్యాదు మీరు ఉంటున్న బెంగళూరులోని జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్లో కూడా. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కన్నడ రాదని భయపడకండి, ఇంగ్లిషులో వేయవచ్చు. ఆఖరి రోజు దాకా ఆగితే పోర్టల్ లోపాలు చూపించి తిప్పి పంపవచ్చు, జూలైలోనే వేసేయండి.

ఏమి అడగాలి? మొత్తం డబ్బు అడగండి, దానికి ప్రత్యామ్నాయంగా ధర తేడా కూడా అడగండి. మీరు 18 వేల కిలోమీటర్లు తిరిగారు, ఇరవై నెలలు వాడుకున్నారు. నాకు తోచినంతలో కమిషన్ తేడా వైపే మొగ్గుతుంది. 2024లో 72 వేలు తిరిగిన అలాంటి బండికి ఎంత, లక్షా పాతిక వేలు తిరిగినదానికి ఎంత అని వాల్యుయర్‌తో రిపోర్టు రాయించుకోండి. మానసిక వేదనకు 5 లక్షలు అంటే బండి ఖరీదుకు దాదాపు రెట్టింపు. చదివేవారికి నవ్వొస్తుంది. 25,000 అడగండి.

ముందు మాత్రం మైసూరు ఆయనకు ఫోన్ చేయండి. ఆర్సీ ట్రాన్స్‌ఫర్ కోసం చేశానని చెప్పండి, అది నిజమే కదా. రసీదు ఫోటో అడగండి. ఏసీ సంగతి ఎత్తకండి.