గోడలోంచి దూరిపోయే బంతి

ప్రశ్న: అనంతపురంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం బంతి గోడను ఢీకొట్టే సిమ్యులేషన్ రాశాను. గోడ మందం 10 సెంటీమీటర్లు. నెమ్మదిగా విసిరితే బంతి తగిలి వెనక్కి వస్తోంది. వేగం సెకనుకు 30 మీటర్లు చేస్తే అవతలికి వెళ్లిపోతోంది. ల్యాప్‌టాప్ మార్చాలా? మిత్రుడొకడు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా చేసే దొంగ ఫైలు) ఇచ్చాడు. దాన్ని నడపాలంటే యాంటీవైరస్‌ను ఆపేయమని ఆ ఫైలే చెబుతోంది. ఆపవచ్చా?

జవాబు: ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి. ప్రాజెక్టుల గడువు దగ్గరపడిందంటే చాలు, ఈ బంతి ఎవరో ఒకరి ఉత్తరంలో వచ్చి పడుతుంది. మీ ప్రోగ్రామ్ సెకనుకు 60 సార్లు కళ్లు తెరుస్తుందనుకుందాం. ఒక చూపుకూ మరో చూపుకూ మధ్య బంతి అర మీటరు దాటేస్తుంది. ఇప్పుడు ఇవతల, మరుక్షణం అవతల. రెప్ప తరచుగా తెరిపిస్తే కొంత నయమే కానీ, వేగం పెంచగానే జబ్బు తిరగబెడుతుంది. బంతి అంచు నుంచి గోడకున్న దూరాన్ని వేగంతో భాగించి, తాకే క్షణాన్ని ముందే లెక్కగట్టండి. అక్కడే దిశ మార్చి, మిగిలిన సమయాన్ని నడిపించండి.

నాకు దిగులు పుట్టించింది రెండో ప్రశ్న. కావలివాడిని పంపేసి తలుపు తీయమనేవాడు చుట్టమై ఉంటాడా? అలాంటి ఫైలు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు, మీరు లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలనూ (మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకునే చిన్న ఫైళ్లను) ఎత్తుకుపోగలదు. అప్పుడు ఓటీపీ అడ్డుపడకపోవచ్చు. ఇప్పటికే నడిపించి ఉంటే నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చి, అన్నిచోట్లా లాగౌట్ కొట్టి, విండోస్ కొత్తగా వేసుకోండి. మీ పెన్‌డ్రైవ్‌ను కళాశాల ల్యాబ్‌లో పెట్టకండి. వస్తువుల కదలికలను, ఢీకొనడాలను లెక్కగట్టే బాక్స్2డి, బుల్లెట్ వంటి సాఫ్ట్‌వేర్‌లు సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతుంటే ఈ దొంగసరుకు ఎందుకో!

వాటిలోనూ నాకు గిట్టనిది ఒకటుంది. ఎగిరే గుణానికి ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె ఇవ్వమంటాయి, రెండు వస్తువులు తాకినప్పుడు ఆ అంకెలను ఏదో ఒక సూత్రంతో కలిపేస్తాయి. ప్రత్యావస్థాన గుణకం, అంటే తాకాక విడిపోయే వేగానికీ తాకేముందు దగ్గరయ్యే వేగానికీ ఉన్న నిష్పత్తి, తాకే జంటకు చెందినది. తాకే వేగాన్ని బట్టి కూడా మారుతుంది. గోలీని కడప బండ మీద వేయండి, మట్టి నేల మీద వేయండి. గోలీ అదే, ఎగరడం ఒకటేనా? ఆ టకటకలను ఫోనులో రికార్డు చేయండి. మొదటి రెండు చప్పుళ్ల మధ్య 0.50 సెకన్లు, రెండో, మూడో చప్పుళ్ల మధ్య 0.40 వస్తే, రెండోదాన్ని మొదటిదానితో భాగించగా గుణకం 0.8. సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెను మార్చే స్లైడర్‌ను 0.5 దగ్గర వదిలేసి నివేదిక సమర్పించేవారే ఎక్కువ.