వాక్కాయ కంచె పచ్చగా ఉంది, కాయలేవీ?

ప్రశ్న: ప్రహరీ పొడవునా వాక్కాయ మొక్కలు నాటి నాలుగేళ్లయింది. మేక కూడా దూరలేనంత దట్టంగా పెరిగాయి కానీ కాయలు గుప్పెడు కూడా రావడం లేదు. రోజూ నీళ్లు పెడుతున్నాం, యూరియా వేస్తున్నాం, నెలకోసారి సమంగా కత్తిరిస్తున్నాం. ఇంకే ఎరువు వేయాలి? తుంచితే పాలు కారుతున్నాయి, పిల్లలున్న ఇంట్లో ఉంచొచ్చా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఎరువు సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి. వాక్కాయకు పూత కొమ్మల చివర గుత్తులుగా వస్తుంది, మీరేమో కంచె అందంగా ఉండాలని నెలనెలా ఆ చివర్లే కొట్టేస్తున్నారు, ఇక కాయ ఎక్కడ కాస్తుంది? ఏడాదికి ఒక్కసారి, కాయలన్నీ కోసేశాక, ఎండుపుల్లలూ అడ్డదిడ్డంగా పోయిన కొమ్మలూ తీసేస్తే చాలు. కంచె కాస్త చింపిరి జుట్టులా కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

యూరియా మానేయండి. గుట్టల మీద, రాళ్ల సందుల్లో తన బతుకు తాను బతికే మన నేల మొక్క ఇది. రోజూ నీళ్లు, పైన యూరియా అంటే ఆకు మీద ఆకు వేస్తుందే తప్ప పూతకు రాదు. తొలకరికి మొక్కకో తట్ట చివికిన పశువుల ఎరువు సరిపోతుంది. చలికాలంలో నీళ్లు బాగా తగ్గించండి, పిందె పడ్డాక మాత్రం ఎండలు ముదిరితే వారానికోసారి తడపండి. ఎండకు తట్టుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే దెబ్బతింటుంది. నీడపడే వైపు కాపు ఎటూ తక్కువే.

పాల గురించి టెన్షన్ వద్దు. గన్నేరు కుటుంబమే అయినా దీని కాయలు మనం ఎప్పటినుంచో పప్పులో, పులిహోరలో తింటున్నవే. కాకపోతే జిగురు ఒక పట్టాన వదలదు, కోసేముందు చేతులకూ కత్తికీ నూనె రాసుకోండి, కళ్లలో పడనివ్వకండి. నన్నడిగితే భయపడాల్సింది ముళ్లకే. కణుపు కణుపుకీ జంటగా, సూదుల్లా ఉంటాయి. పిల్లలు ఆడే వైపు కింది కొమ్మలు తీసేయండి.

ప్రశ్న: నిరుడు దాచిన వాక్కాయ గింజలు ఒక్కటీ మొలవలేదు, ఎందుకు?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: దాచారు కాబట్టే. నల్లగా పండిన కాయ పిసికి, గింజలు కడిగి, వెంటనే కవర్లలో నాటేయాలి. గింజ మొక్క కాపుకొచ్చేసరికి మూడేళ్లు పడుతుంది, ఆగాలి మరి.