సెలక్షన్ గ్యారంటీ అన్న కోచింగ్‌కు 15,000 కట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు కళాశాలలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. గత మార్చిలో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు గడువు చివరి వారంలో కూర్చుని మూడు సంస్థలకు ప్రపోజల్స్ (ఏ పని ఎలా చేస్తానో చెప్పే ప్రణాళికలు) పంపింది. ఒక్కటీ ఎంపిక కాలేదు. ‘ఐఐటీల వాళ్ళకే వస్తుంది నాన్నా’ అంటూ దిగులు పడుతోంది. ఈసారి సెలక్షన్ గ్యారంటీ అని, 15,000 రూపాయలు కట్టమని ఒక కోచింగ్ కేంద్రం వారు ఫోన్ చేస్తున్నారు. కట్టమంటారా? — ఒక తండ్రి, తెనాలి

జవాబు: కట్టవద్దండీ. ఎందుకో చెబుతాను.

ఓపెన్ సోర్స్ సంస్థలకు, అంటే తమ కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకునేలా బయట పెట్టే సంస్థలకు, కొత్తవారు కోడ్ రాసి స్టైపెండ్ పొందే కార్యక్రమం ఇది. 2005 నుంచి నడుస్తున్న దీనికి డబ్బు ఇచ్చేది గూగుల్. ఏ సంస్థకు ఎన్ని స్థానాలో తేల్చేదీ గూగులే. కానీ ఏ అభ్యర్థిని తీసుకోవాలో చెప్పేది ఆయా ఓపెన్ సోర్స్ సంస్థల మెంటార్లు, అంటే కొత్తవారికి దారి చూపేవారు. వారిలో చాలా మంది ఉద్యోగం ముగించుకుని, రాత్రిపూట, సెలవు రోజుల్లో ఆ సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసుకునే స్వచ్ఛంద సేవకులు. ఏ దేశంలోనో ఉన్న అలాంటి మనిషి నిర్ణయానికి ఇక్కడి కోచింగ్ కేంద్రం హామీ ఎలా ఇస్తుంది? దరఖాస్తుకు రుసుము కూడా లేదు.

ఐఐటీల మాట. 2022 నుంచి ఈ కార్యక్రమానికి విద్యార్థి అయి ఉండాలన్న నిబంధనే తీసేశారు. 18 ఏళ్ళు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైతే ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. కళాశాలే చదవని వారినీ తీసుకుంటున్న చోట కళాశాల పేరు అర్హత ఎలా అవుతుంది? ఐఐటీల నుంచి ఎక్కువ మంది కనిపించడానికి కారణం వేరే ఉంది. అక్కడ మొదటి ఏడాదిలోనే హాస్టల్లో సీనియర్లు పక్కన కూర్చోబెట్టుకుని దారి చూపిస్తారు. మీ అమ్మాయికి అలాంటి సీనియర్ లేరు. లోటు అదొక్కటే, అది తీర్చుకోగలిగినదే.

ఆమె పొరపాటు ఎక్కడ జరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. గడువు చివరి వారం, మూడు సంస్థలు. మూడు పంపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి కాబట్టి చాలా మంది ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టినట్టు పెడతారు. మెంటార్ వైపు నుంచి చూడండి. 2025లో 185 సంస్థలకు కలిపి ఎంపికైన వారు దాదాపు 1,300 మంది. అంటే సగటున ఒక్కో సంస్థకు ఏడుగురు. ఆయన ముందు పదుల కొద్దీ ప్రపోజల్స్ ఉంటాయి. వాటిలో నాలుగైదు పేర్లు ఆయనకు ముందే తెలుసు. డిసెంబరులో ఒక బగ్ (కోడ్‌లోని లోపం) సరిచేసిన వారు, జనవరిలో కోడ్ రివ్యూలో తప్పు చెబితే మర్నాడే దిద్దుకుని వచ్చిన వారు. మిగిలినవన్నీ కొత్త పేర్లు. ఎవరిని నమ్ముతారు? మార్చిలో రాసే ప్రపోజల్ అప్పటికే ఉన్న పరిచయాన్ని కాగితం మీద పెట్టడం మాత్రమే. ఇది పరీక్ష కాదు కనుక పరీక్షకు చదివినట్టు చదివితే రాదు.

కాబట్టి ఆమె ఇప్పుడే, ఈ నెలలోనే, ఒక్క సంస్థను ఎంచుకోవాలి. కొత్త సంస్థల జాబితా ఫిబ్రవరిలో గాని రాదు, నిజమే. కానీ పాత సంవత్సరాల జాబితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. కేడీఈ, డెబియన్, పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, వికీమీడియా వంటివి అనేక ఏళ్ళు పాల్గొన్నాయి. తాను వాడే సాఫ్ట్‌వేర్ అయితే మరీ మంచిది. మొదటి వారం పూర్తిగా దాన్ని తన కంప్యూటర్‌లో బిల్డ్ చేయడానికే, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా తయారు చేయడానికే, పోవచ్చు. ఏమీ సాధించలేదని అప్పుడు నిరాశ పడతారు. పడనివ్వకండి. ఆ అవరోధం దగ్గరే చాలా మంది వెనక్కి పోతారు. బిల్డ్ చేసేటప్పుడు సూచనల్లో ఎక్కడ చిక్కుకుందో రాసి పెట్టుకుంటే, ఆ సూచనలను సరిచేయడమే ఆమె మొదటి ప్యాచ్ (ప్రాజెక్టుకు పంపే సవరణ) అవుతుంది.

అయితే లెక్క కోసం చేసే చిన్న మార్పులు వద్దు. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కు సవరణలు పంపిన వారికి బహుమతులిచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో టీషర్టు కోసం వేలాది మంది రీడ్‌మీ ఫైళ్ళలో ఒకటి రెండు పదాలు మార్చి పుల్ రిక్వెస్టులు (మార్పులు చేర్చుకోమనే అభ్యర్థనలు) పంపారు. ప్రాజెక్టులను చూసుకునే వారు వాటిని మూసేయడంతోనే అలసిపోయి, నిర్వాహకుల చేత నిబంధనలే మార్పించారు. ఆ విసుగు ఇంకా పోలేదు. కృత్రిమ మేధతో రాయించి పంపినా అంతే. జెంటూ అనే లినక్స్ ప్రాజెక్టు 2024లో అలాంటి కోడ్‌ను నిషేధించింది. తన పేరుతో వెళ్ళే ప్రతి వాక్యాన్నీ, ప్రతి వరుస కోడ్‌నూ ఎందుకు రాసిందో ఆమె చెప్పగలగాలి. ఇంగ్లీషు గొప్పగా ఉండనక్కరలేదు. ‘ఇది చేశాను, ఇది వస్తుందనుకున్నాను, ఇది వచ్చింది’ అని చిన్న వాక్యాల్లో, అందరూ చూసే చోట అడిగితే చాలు. మెంటార్‌కు విడిగా మెసేజ్ పెట్టి ‘సర్, గైడ్ చేయండి’ అంటే జవాబు రాదు.

మీ అమ్మాయి దగ్గర మిగతా వారికి లేనిది ఒకటి ఉంది. ఆమెకు తెలుగు వచ్చు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటనే తీసుకోండి. ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మనకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరకకపోవచ్చు. వెతుకులాట, అకారాది క్రమం, వత్తుల అమరిక, కర్సర్ కదలిక, ఇలాంటి చోట్ల లోపం ఉందని తెలుగు చదివే వారు చెప్పకపోతే అమెరికాలో ఉన్న డెవలపర్‌కు తెలియదు. అలాంటి లోపం ఒకటి పట్టుకుని, తిరిగి ఎలా తెప్పించాలో వివరంగా రాసి, సరిగా పనిచేస్తోందో చూసే టెస్ట్ కోడ్ జతచేసి పంపితే ఆ పేరు వారికి గుర్తుంటుంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన మార్గం, ఎందుకంటే ఎంపిక వచ్చినా రాకపోయినా తెలుగుకు ఒక మేలు జరిగి తీరుతుంది.

ప్రపోజల్ విషయంలో ఒక్క జాగ్రత్త. ప్రాజెక్టులు 90, 175, 350 గంటలవి ఉంటాయి. కోడింగ్ మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో మొదలవుతుంది. ఆమె సెమిస్టర్ పరీక్షలు అప్పుడే ఉంటే దాచకుండా తేదీలతో రాసి, ఆ వారాల్లో పని తగ్గించి చూపాలి. మన పిల్లలు ఇది చెబితే ఛాన్స్ పోతుందని భయపడతారు. జూన్‌లో చెప్పకుండా మాయమయ్యే మనిషి అంటేనే మెంటార్లకు భయం. మన దేశంలో ఉన్నవారికి గత ఏళ్ళలో ఇచ్చిన స్టైపెండ్ ప్రాజెక్టు పరిమాణాన్ని బట్టి 750, 1,500, 3,000 డాలర్లు.

దరఖాస్తుకు ముందే తెలుసుకోవలసిన మరో సంగతి అవుట్‌రీచీ. సాంకేతిక రంగంలో వివక్ష ఎదుర్కొనే వారి కోసం ఏడాదికి రెండు విడతలు నడిచే ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్ ఇది, స్టైపెండ్ 7,000 డాలర్లు. ఇక్కడ మొదట ఒక వ్యాసంలాంటి దరఖాస్తు, ఆ తర్వాతే కోడ్ పని. చదువుకుంటున్న వారికి ఇంటర్న్‌షిప్ కాలంలో కనీసం 49 రోజులు వరుసగా తరగతులు, పరీక్షలు లేని ఖాళీ ఉండాలి. సమ్మర్ ఆఫ్ కోడ్‌కు ఒకసారి ఎంపికైన వారిని అవుట్‌రీచీ తీసుకోదు. అందుకే మీ అమ్మాయి కళాశాల క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఏది మొదట ప్రయత్నించాలో ఇప్పుడే తేల్చుకోవాలి. సెలవులు కుదిరితే నేనైతే అవుట్‌రీచీనే ముందు పెడతాను.

ఇక ఆ 15,000. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేయాలంటే 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ గంటల తరబడి మూలుగుతుంది. ఆమె దగ్గర ఉన్నది అలాంటిదైతే 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేయించండి. డబ్బు ఇంకా మిగిలితే ఇంట్లో నెట్ కనెక్షన్ కూడా చూడండి.