లేబర్ కేసుల జూనియర్లు అడిగిన ప్రశ్నలు, వకీలక్క జవాబులు

ప్రశ్న: మేడం, ఒంగోల్లో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరి ఏడాది దాటింది. ఆయనకి ఎక్కువ లేబర్ కేసులే. పొద్దున ఫైళ్లు మోయడం, వాయిదా రాసుకోవడం, సాయంత్రమైతే జిరాక్సులు, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే డబ్బు) లెక్కలు. నోరు తెరిచి వాదించింది లేదు. నాతో చదివినోళ్లు బెయిల్ పిటిషన్లు వేస్తా ఉన్నారు. కృష్ణపట్నం పోర్టు వైపు ఒక కంపెనీలో హెచ్ఆర్ ఉద్యోగం ఉంది, పొమ్మని మా నాన్న గొడవ. ఏం చేయాలి?
– జూనియర్, ఒంగోలు

జవాబు: అబ్బయ్యా, వాదించలేదని దిగులు పడబాక. లేబర్ కేసులో వాదన ఎప్పుడో చివర్లో వచ్చేది, గెలిచేదీ పోయేదీ నువ్వు విసుక్కుంటున్న ఆ జిరాక్సుల దగ్గరే. చీమకుర్తి క్వారీలో ఏళ్ల తరబడి చేసినాయన వచ్చి తీసేశారు సార్ అని కూర్చుంటాడు అనుకో. ఎవరు తీసేశారయ్యా అంటే మేస్త్రీ పేరు చెప్తాడు, కంపెనీ ఏది అంటే లారీ మీద చూసిన పేరు చెప్తాడు, అపాయింట్‌మెంట్ లెటర్ అంటే నీ మొహం చూస్తాడు. అప్పుడు ఆయన ఫోన్‌లోనే పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించి ఏ సంస్థ పేరు మీద డబ్బు జమైంది, ఏ నెల నుంచి ఏ నెల దాకా, మధ్యలో ఎక్కడ ఆగింది అని రాసుకోవాలి. పీఎఫ్ కట్టకపోతే జీతం ఫోన్‌పేలో ఎవరి దగ్గర్నుంచి పడిందో చూడు, గేట్ పాస్ ఏమన్నా మిగిలిందా అడుగు, పక్కన పని చేసినోళ్లలో సాక్ష్యం చెప్పేవాడు ఎవడో కనుక్కో.

ఇదంతా ఎందుకంటే తీసేసే ముందు 12 నెలల్లో 240 రోజులు పని చేశానని చూపించాల్సింది మొదట కార్మికుడే, అది తేలితేనే నెల నోటీసు లేదా నెల జీతం, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వకుండా తీసేయడం చెల్లదని మనం అనగలిగేది. మస్టర్ రోల్, అంటే హాజరు పట్టీ ఏమో యజమాని బీరువాలో ఉంటది. దాన్ని కోర్టు ముందు పెట్టించమని పిటిషన్ వేయాలి, ఆ పిటిషన్ రాసేది నీలాంటి జూనియరే. అది వేయకుండా సీనియర్ ఎంత గొంతు చించుకున్నా ఏం లాభం చెప్పు.

గ్రాట్యుటీ లెక్కలని తేలిగ్గా తీసేయబాక. బేసిక్, డీఏ కలిపి చివరి జీతం 13,000, సర్వీసు 11 ఏళ్ల 7 నెలలు అనుకో. కంపెనీ అకౌంటెంట్ రోజు జీతానికి 30తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున 11 ఏళ్లే వేసి 71,500 చేతిలో పెడతాడు. చట్టం ప్రకారం భాగించాల్సింది 26తో, ఆరు నెలలు దాటిన ముక్కని నిండు ఏడాదిగా పట్టాలి, అంటే 90,000. తేడా 18,500, ఆ మనిషికి అది నెల జీతం కంటే ఎక్కువ. బెయిల్ పిటిషన్లు వేసే మీ ఫ్రెండ్‌కి ఈ లెక్క వచ్చా?

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టి 45 రోజులు దాటితే నేరుగా కేసు వేసుకోవచ్చు, పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో తీసేసిన రోజు నుంచి మూడేళ్లు గడువుండేది, 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకొచ్చాక రెండేళ్లే. క్లయింట్ చెప్పే తేదీ నమ్మబాక, సంక్రాంతికి ముందు తీసేశారు అంటాడు, ఏ సంక్రాంతో చెప్పడు.

హెచ్ఆర్ ఉద్యోగం చెడ్డదేం కాదు, కానీ ఫుల్‌టైమ్ జీతానికి చేరితే బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీసు ఆపుకోవాలి, రెండూ కుదరవు. నన్నడిగితే ఇంకో ఏడాది ఉండు. సీనియర్ గుంటూరు లేబర్ కోర్టుకి పోయినప్పుడల్లా వెంట పో, చీఫ్ అఫిడవిట్, అంటే మన సాక్షి చెప్పేది ప్రమాణం మీద రాసిచ్చే కాగితం, నువ్వే రాసి చూపించు. మేనేజ్‌మెంట్ తరఫున బోనెక్కేది ఎక్కువగా హెచ్ఆర్ మేనేజరే, ఆయన్ని ఎట్టా క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేస్తున్నారో చూడు. అదంతా చూశాక కూడా విసుగే అనిపిస్తే అప్పుడు పో, నేనే మీ నాన్నకి ఫోన్ చేసి చెప్తా.

ప్రశ్న: అక్కా, నెల్లూరులో లా ఫైనల్ ఇయర్. లేబర్ కేసులు చూసే సీనియర్ ఒకాయన చేరమన్నారు కానీ డబ్బు మాటెత్తలేదు. అడిగితే బాగుండదేమో?
– నెల్లూరు అమ్మాయి

జవాబు: ఏం బాగుండదమ్మా, అడుగు. జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 తగ్గకుండా ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సీనియర్లకి సూచించింది. సూచనే, ఇచ్చి తీరాలని కాదు, మన ఊళ్లల్లో అంత ఇచ్చేవాళ్లు నాకైతే తారసపడలేదు. కనీసం గుంటూరు పోయొచ్చే చార్జీలు, టైపింగ్, జిరాక్స్ ఖర్చు నీ చేతి నుంచి పెట్టుకోనని చేరేరోజే చెప్పెయ్, జీతం ఆర్నెల్ల తర్వాత మాట్లాడదాం అంటే ఆ ఆర్నెల్లు ఎప్పటికి నిండుతాయో కూడా అడుగు. ఎన్‌రోల్‌మెంట్ (వకీలుగా పేరు నమోదు) ఫీజు పేరు చెప్పి వేలు అడిగే రోజులు పోయాయి, జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులైలో చెప్పింది.

ప్రశ్న: మేడం, లేబర్ ఆఫీసులో రాజీ మీటింగుకి క్లయింట్‌తో పోతే వకీళ్లు బయట ఉండండి అన్నారు. ఇది అవమానం కాదా?
– కావలి

జవాబు: కాదు నాయనా, చట్టమే అది. రాజీ చర్చల్లో వకీలు ఏ పక్షం తరఫునా కూర్చోకూడదు, యూనియన్ నాయకుడు కూర్చోవచ్చు. అందుకే క్లయింట్‌కి ముందురోజే కూర్చోబెట్టి చెప్పాలి, ఎంతకి ఒప్పుకోవాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు, ఫుల్ అండ్ ఫైనల్ (ఇక బాకీ ఏమీ లేదు) అని రాసుంటే ఏం చేయాలి అని. లేబర్ కోర్టులో కూడా ఎదుటోళ్లు ఒప్పుకుని, కోర్టు పర్మిషన్ ఇస్తేనే మనం నిలబడేది. మనం వకాలత్ వేసిన రోజు వాళ్లు కిక్కురుమనకుండా ఉండి, ఏడాది తర్వాత అభ్యంతరం అంటే, అప్పుడే ఒప్పుకున్నట్టని గట్టిగా వాదించొచ్చు. కాబట్టి మొదటి వాయిదా డాకెట్ (ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రాసే కాగితం) కాపీ తీయించి ఫైల్లో పెట్టు.