బకెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన

"బెంగళూరులో ఉద్యోగం, ట్రాఫిక్ పోను ప్రార్థనకు టైమెక్కడ? కృతజ్ఞత అలవాటు కావాలంటే ఏం చేయాలి?" అని అడిగారు.

టైము సాకేనండీ. బైబిల్లో చూడండి, "నీకేం కావాలి?" అని రాజు అడిగితే, జవాబు చెప్పేలోపే నెహెమ్యా ప్రార్థన చేసుకున్నాడు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర మనకు అంతకన్నా ఎక్కువే దొరుకుతుంది.

2024 మార్చి. ఊళ్లో బోర్లు ఎండిపోయి, తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న రోజులు. వైట్‌ఫీల్డ్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో పూటకో గంట ట్యాంకర్ నీళ్లు. సరిగ్గా అప్పుడే అమ్మ తెనాలి నుంచి వచ్చింది. కాలవ గట్టున పెరిగిన మనిషి. బకెట్ నిండగానే పళ్లెం మూతపెట్టి, దాని మీద చెయ్యి ఆనించి, "తండ్రీ, ఈ నీళ్లకు స్తోత్రం. తోలుకొచ్చిన బిడ్డను చల్లగా చూడు" అంది. నాకేమో ఆఫీస్ కాల్ టెన్షన్.

"ట్యాంకర్‌కి డబ్బులు కట్టింది మనమేనమ్మా" అన్నాను.

"అయితే ఆ డబ్బులే తాగు" అంది.

మర్నాడు ఫ్లాస్కులో టీ పోసుకుని కిందికి దిగింది. డ్రైవర్ కోలారు వైపు కుర్రాడు, తెలుగే. నీళ్లు నింపుకోవడానికి రాత్రి రెండింటి నుంచి లైన్లో ఉన్నాడట. అతని గదిలో కుళాయి వారంగా రావట్లేదట. ఒక్క క్యాను పట్టుకెళ్లినా ఓనరు లెక్క అడుగుతాడట.

యేసు పదిమంది కుష్ఠురోగులను బాగుచేస్తే, స్తోత్రం చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్క సమరయుడే కదా. మిగతా తొమ్మిదిమందీ మనసులో స్తోత్రం చెప్పుకునే ఉంటారని నా నమ్మకం. వెనక్కి నడిచి రాలేదు, అంతే. మన ప్రార్థన కూడికల్లో, దేవుడు చేసిన మేలని లేచి చెప్పే సాక్ష్యాలన్నీ వీసాలూ ప్రమోషన్లే. "ఈరోజు కుళాయి వచ్చింది, స్తోత్రం" అన్నవాళ్లను నేనైతే చూడలేదు. పొద్దున్నే గులాబీ పువ్వు మీద వాక్యం ఫార్వర్డ్ చేసే పెద్దమనిషి, వాచ్‌మన్ నమస్తే పెడితే ఫోన్లోంచి తలెత్తడు.

కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల అవతలి నుంచి పంపులతో ఎత్తి తేవాలి. ఎంతమంది చేతులో! అందుకే కుళాయి తిప్పినప్పుడు దేవుడికి ఒక మాట, తెచ్చినవాళ్ల కోసం ఒక మాట. నా ప్రార్థన ఇంతే.

అమ్మ ఫోన్ చేస్తే ముందు ఆ కుర్రాడి సంగతే అడుగుతుంది. మొన్న, ఊరెళ్లిపోయాడని చెప్పాను.

"ఎందుకెళ్లాడో కనుక్కున్నావా?" అంది.

కనుక్కోలేదు.