కసిమి కుండ పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి రాసేది.

మొన్న ఆదివారం మీ నాయన ఫోన్ చేసి, నీవు మే నెలలో మన మామిడితోటలో పిల్లలకు పది రోజుల శిబిరం పెట్టబోతున్నావని, కలంకారీ, వెదురు పని, తాటాకు అల్లిక నేర్పించడంతో పాటు పొద్దున్నే వాళ్లను చెరువుగట్టు వెంబడి తిప్పి చెట్టూ చేమా గుర్తుపట్టడం నేర్పిస్తావని చెప్పాడు. హైదరాబాదులో ఉద్యోగానికి సెలవు పెట్టి ఈ పిచ్చిపని ఏమిటక్కా అని పైకి విసుక్కున్నాడు కానీ, తోటలోని పాత పంపుసెట్టు గదికి అప్పుడే సున్నం వేయిస్తున్నాడన్న సంగతి మాటల మధ్య బయటపడింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఒక్కరికైనా ఈ బుద్ధి పుట్టినందుకు సంతోషం ఎంతో, భయమూ అంతే. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నీవు వాట్సాప్‌లో పంపిన కరపత్రం చూశాను. "పది రోజుల్లో కలంకారీ నేర్చుకోండి" అన్న వాక్యాన్ని ఈరోజే తీసేయి. 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఈ విద్యకు మళ్లీ ఊపిరి పోసేనాటికి శ్రీకాళహస్తిలో అది చేతనైనవాళ్లు కొద్దిమందే మిగిలారు. నేను బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తూ అక్కడి ఒక పెద్దాయన దగ్గర రెండు వేసవి సెలవులు కూర్చున్నాను. మొదటి వేసవంతా ఆయన నా చేత హంస మెడ తప్ప మరొకటి గీయించలేదు. పది రోజుల్లో పిల్లలకు గీత కుదరదు, వాళ్లకు వచ్చేది అపోహ మాత్రమే. కలంకారీ ఎలా పుడుతుందో వచ్చి చూడండి అని రాయి, చాలు. నలభై మంది వద్దు, పదిహేను మందిని తీసుకో. ఆరింటికి మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా పదింటికి ముగించు. మజ్జిగ, మరుగుదొడ్డి, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు వంటివి నీకు ఒకరు చెప్పనవసరం లేదు.

గుడ్డ సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే అది మూడో రోజున పిల్లల ముందే బయటపడుతుంది. మిల్లు గుడ్డను తెచ్చినది తెచ్చినట్టు వాడకు. రాత్రంతా నానబెట్టి, ఉతికి, గంజి పూర్తిగా వదిలించు. తర్వాత కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి, గుడ్డను అందులో ముంచి, బాగా పిండి, ఎండలో ఆరవేయి. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని వెన్న రంగును పక్కకు పాకనివ్వదు. పలచటి పాలు పోస్తే గీత అంచులు చెదిరిపోతాయి, కాబట్టి పాలవాడితో ముందే మాట్లాడుకో. ఇదంతా ప్లాస్టిక్ తొట్టిలోనో స్టీలు గిన్నెలోనో చేయించు. కరక్కాయ నీళ్లకు ఇనుము తగిలితే నల్లబడతాయి. పదిహేను గుడ్డలూ మచ్చలు పడడానికి తుప్పు పట్టిన బకెట్టు ఒక్కటి చాలు. ఆరవేయడానికి కూడా ఇనుప తీగ కాకుండా కొబ్బరితాడు కట్టించు.

ఆ మచ్చనే మనం కోరి తెచ్చుకుంటే కలంకారీ నలుపు అవుతుంది. పాత మేకులు, లాడాలు, ఇనుప ముక్కలు నిప్పుల్లో కాల్చి తుప్పు దులిపి, నల్లబెల్లం, తాటిబెల్లం కరిగించిన నీళ్లతో మట్టికుండలో వేసి మూతికి గుడ్డ కట్టి ఉంచితే, రెండు మూడు వారాలకు పులిసి కసిమి తయారవుతుంది. మొదటి రోజున పిల్లలకు ఉపన్యాసం ఇవ్వకు. కరక్కాయ పట్టించిన గుడ్డను పరిచి, వెదురు కలం చేతికిచ్చి, దానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కుతూ ఒక్క గీత గీయమను. కుండలో డికాషన్‌లా ఉన్న ఆ నీరు గుడ్డకు తగలగానే, కలం ఇంకా ముందుకు సాగుతుండగానే, వెనక గీత నల్లబడుతూ వస్తుంది. అది కళ్లారా చూసిన పిల్లలు ఆ తర్వాత నీవు చెప్పేది వింటారు. పటిక నీళ్లతో గీసి మంజిష్ఠ వేరుతో ఉడికించే ఎరుపు మాత్రం పెద్ద మంటతో, పెద్ద డేగిసాతో పని. దాన్ని పెద్దవాళ్లు చేస్తుంటే పిల్లలు పది అడుగుల దూరంలో కూర్చుని చూడాలి.

వెదురును పిల్లల చేత చీల్పించవద్దు, చీల్చి నునుపు చేసి నానబెట్టిన బద్దలే ఇవ్వు. పచ్చి వెదురు అంచు కత్తికన్నా లోతుగా కోస్తుంది. తాటాకుకు లేత ఆకు కావాలి కానీ, ఒక చెట్టు నుంచి ఒక్క మొవ్వాకుకు మించి కోయించకు, మట్టలకుండే కరుకును ముందే చెక్కించు. చెట్లు గుర్తుపట్టడానికి తిప్పేటప్పుడు వేళ్లు పీకి చూపించే అలవాటు పిల్లలకు చేయవద్దు.

నేర్పడానికి వచ్చే మేదరి ఆయనకు, చెట్లు చూపించడానికి వచ్చే యానాదులకు కూలి లెక్క కట్టకు. ఆ రోజు తమ పని తాము చేసుకుంటే ఎంత వస్తుందో అడిగి, దానికి రెండింతలు, పని మొదలయ్యే ముందే చేతిలో పెట్టు. వాళ్లను నేలమీద కూర్చోబెట్టి నీవు కుర్చీ వేసుకోకు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాళ్లు వద్దన్నది చేయవద్దు. ఎందుకని అడిగితే కారణం చెప్పలేకపోయినా సరే, చేయవద్దు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో నీకు తెలియదు. మీ నాయనకు తెలుసు. ముప్పై ఏళ్లు దాటినా వాడు ఎవరికీ చెప్పలేదు.

1987 వేసవిలో నేను పనిచేస్తున్న ఊళ్లో, బడి వరండాలోనే, పాతికమంది పిల్లలతో ఇలాంటి శిబిరం పెట్టాను. చెట్లు చూపించడానికి ఒక యానాది అవ్వ వచ్చేది. ఆమెకు అక్షరం రాదు. కానీ ఏ తీగ ఏ కార్తెలో పూస్తుందో, ఏ దుంపను ఉడికించాకే తినాలో, దేన్ని తాకకుండా దాటిపోవాలో ఆమె చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నాలుగో రోజున కంచె మీద గురివింద కాయలు పగిలి, గింజలు ఎర్రగా మెరుస్తూ కనిపించాయి. పిల్లలు జేబుల నిండా ఏరుకున్నారు, నాకు దండల ఆలోచన వచ్చింది. రాత్రి నీళ్లలో వేస్తే పైతోలు మెత్తబడుతుంది, పొద్దున సూదితో బెజ్జం వేసి దారానికి గుచ్చవచ్చు అనుకున్నాను. అవ్వ అడ్డుచెప్పింది. "ఏరుకుంటే ఏరుకోనీ తల్లీ, బెజ్జం మాత్రం వేయించొద్దు, లోపలి పప్పు మంచిది కాదు" అంది. నేను నవ్వాను. కంసాలులు తరతరాలుగా గురిగింజలతో బంగారం తూస్తున్నారు, వాళ్లకేమైంది అన్నాను. కంసాలి గింజను పగలగొట్టడని, ఆ గట్టి పైతోలు చెక్కుచెదరనంత వరకే భయం తక్కువని, బెజ్జం వేయడమంటే లోపలి విషానికి వాకిలి తెరవడమేనని నాకు తెలియదు. ఆమెకు తెలుసు. అయితే నేను టీచరును, ఆమె కంచె పక్కన నిలబడి మాట్లాడే మనిషి. నా నోటుబుక్కులో ఆ ఒక్క మాటా రాసుకోలేదు.

మరునాడు ఆరేళ్ల పిల్లవాడొకడు సూది దిగకపోయేసరికి గింజను పళ్ల మధ్య పట్టుకున్నాడు. నేను చూశాను. "ఛీ, నోట్లో పెట్టకురా" అని కసిరి పక్క పిల్ల వైపు తిరిగాను. కొరికాడో లేదో, మింగాడో ఉమ్మేశాడో చూడలేదు. సాయంత్రం దాకా వాడు బాగానే ఆడుకున్నాడు. రాత్రి పదింటికి వాళ్లమ్మ లాంతరు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, ఒకటే వాంతులు టీచరమ్మా, పొద్దున బడిలో ఏమైనా తిన్నాడా అని అడిగింది. నాకు ఆ గింజ గుర్తొచ్చింది. అబద్ధం చెప్పాలని నేను అనుకోలేదు తల్లీ. కానీ నా నోటివెంట వచ్చింది మాత్రం, ఎండదెబ్బ అయి ఉంటుంది, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టించు అన్న మాట. ఆమె నమ్మింది. చదువుకున్నదాన్ని చెబితే నమ్మదా? లాంతరు వెలుగు సందు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను, వెనక్కి పిలవలేదు. తెల్లవారేసరికి పిల్లవాడికి విరేచనంలో రక్తం పడింది.

అప్పుడు మీ నాయన నన్ను చూడడానికి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. వాణ్ణి లేపి, వాడి మోటారు సైకిలు మీద తల్లినీ బిడ్డనూ తిరుపతి ఆసుపత్రికి పంపించాను. బయలుదేరేటప్పుడు వాడి జేబులో కాగితం పొట్లం పెట్టి, ఇది డాక్టరుకు చూపించు, దీనికి బెజ్జం వేయించింది మా అక్కేనని చెప్పు అన్నాను. పక్కనే ఉన్న తల్లితో ఆ మాట చెప్పే ధైర్యం అప్పటికీ రాలేదు. ఆ విషానికి విరుగుడు మందు లేదు. సెలైను ఎక్కిస్తూ కాచుకుని కూర్చోవడమే. ఐదు రోజులు కూర్చున్నారు. ఆరో రోజున వాడు ఇడ్లీ కావాలని అడిగాడని మీ నాయన వచ్చి చెప్పి, వరండాలో కూర్చుని పెద్దగా ఏడ్చాడు. ఆ తల్లికి నిజం చెప్పడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది. విన్నాక ఆమె మళ్లీ మా బడి గడప తొక్కలేదు, అందులో ఆమె తప్పేమీ లేదు. అవ్వ దగ్గరికి క్షమించమనడానికి వెళితే ఆమె ఆ మాట ఎత్తనివ్వలేదు. బిడ్డ అన్నం తింటున్నాడా అని మాత్రం అడిగింది. గురివింద తన కింద నలుపు ఎరగదని నేను బడిలో ఎంతమంది పిల్లలను దెప్పానో, ఆ తర్వాత ఆ సామెత మళ్లీ నా నోట రాలేదు.

నీవు నాలుగేళ్ల పిల్లవై మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను నీ వెంటపడి, నోరు తెరువు, ఆ చెయ్యి చూపించు అంటుంటే మీ అమ్మ నవ్వేది. ఎందుకో ఇప్పటికి తెలిసిందా?

అందువల్ల పని మొదలుపెట్టే ముందు నీవు ఒంటరిగా తోట చుట్టూ, చెరువుగట్టు దాకా ఒకసారి నడిచి, ఏది ఎక్కడ ఉందో కాగితం మీద గుర్తు వేసుకో. ఆముదపు గింజలు, అడవి ఆముదం కాయలు పిల్లలకు తినేవాటిలా కనిపిస్తాయి. ఉమ్మెత్త కాయ ముళ్లతో ముచ్చటగా ఉంటుంది. గన్నేరు కొమ్మ తిన్నగా ఉంది కదా అని దేనికీ పుల్లగా వాడనివ్వకు. జిల్లేడు పాలు కంట్లో పడితే నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లు. పిల్లలు ఏది ముట్టుకున్నా, మజ్జిగ తాగే ముందు సబ్బుతో చేతులు కడిగించు. ఎవరైనా ఏదైనా నోట్లో పెట్టారని అనుమానం వస్తే, వాంతులు అవుతాయేమో చూద్దామని కూర్చోకు. గురివింద వంటివి కొన్ని గంటల దాకా, ఒక్కోసారి మరునాటి దాకా ఏమీ చూపించవు. ఆ గింజనో ఆకునో పొట్లం కట్టుకుని, 108కు ఫోన్ చేసి, పిల్లవాడి తల్లికి నీ నోటితోనే, దాచకుండా, ఆ క్షణంలోనే చెప్పు. మా కాలంలో 108 లేదు, కానీ తల్లి నా వాకిట్లోనే నిలబడి ఉంది.

ఇంత రాశానని మానుకుంటావేమో. మానుకుంటే నీతో మాట్లాడను. మీ తాత నాటిన ఆ తోటలో పిల్లలు కరక్కాయ చేతులతో తిరుగుతుంటే చూడాలని నాకు ఎంత ఉందో రాయలేను. కసిమి కుండ పెట్టడం నీకు చేతకాదని తెలుసు కాబట్టి, నిన్ననే మా పెరట్లో పెట్టేశాను. వాసనకు పక్కింటావిడ ఇంకా గొడవకు రాలేదు, వచ్చే వారం వస్తుంది. శిబిరానికి రెండు రోజుల ముందు మీ నాయనను ఆటో మాట్లాడుకుని రమ్మను. కుండ ఒలకకుండా నా ఒళ్లో పెట్టుకుని వస్తాను. కరక్కాయలు ఐదు కిలోలు కొని ఉంచాను, దంచించు.

మరొక్కటి. తోట పడమటి కంచె మీద గురివింద తీగ ఉందని మీ నాయన చెప్పాడు. భయపడి దాన్ని పీకించేయకు. మొదటి రోజున పదిహేను మందినీ దాని ముందు నిలబెట్టు, మిగతాది నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
మీ అత్త